ఒకరి పాలసీ ఇంకొకరికి

జెర్సీ సిటీలో ఒక ఇన్సూరెన్స్ క్లయింట్ దగ్గర పనిచేస్తున్న రోజులు. జనవరిలో ఒక రాత్రి పదకొండున్నరకు ఫోన్ మోగింది. ఎవరో కస్టమర్ తన పాలసీ కాపీ డౌన్‌లోడ్ చేసుకుంటే అందులో వేరొకరి పేరు, ఇంటి చిరునామా ఉన్నాయట. ప్రతి రిక్వెస్టూ ముందు దాటి వెళ్లే, వచ్చింది ఎవరో చూసే లాగిన్ ఫిల్టర్ రాసింది నేనే.

హెచ్1బీ మీద ఉన్నవాడికి అలాంటప్పుడు ముందు గుర్తొచ్చేది, ఉద్యోగం పోతే మిగిలే 60 రోజుల గడువే. నాకూ గుర్తొచ్చింది. కానీ ఎక్కువ తొలిచింది ఆ చిరునామా. నమ్మి ఇచ్చిన వివరాలు ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పడ్డాయి.

హైదరాబాద్‌లో అప్పటికి ఉదయం పది. అక్కడి టీమ్‌లో కుర్రాడు లైన్లోకి వచ్చాడు. "అన్నా, ఎన్నిసార్లు కొట్టినా నా పాలసీయే వస్తోంది" అన్నాడు. అతని మెషీన్లో వాడేది అతనొక్కడే, ఇంకెవరిది వస్తుంది? మా జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్‌లో రిక్వెస్టులకు పనిచేసే థ్రెడ్లు 200 ఉంటే, ఎవరొచ్చినా అదే థ్రెడ్ పనిచేసేలా ఒకటికి తగ్గించమన్నాను. ఒక బ్రౌజర్లో లాగిన్ అయి, రెండో దాంట్లో లాగిన్ లేకుండా డౌన్‌లోడ్ లింకు కొట్టాడు.

"వచ్చిందన్నా! లాగిన్ లేకుండానే నా పాలసీ!"

సెషన్, అంటే లాగిన్ అయింది ఎవరో సర్వర్ గుర్తుపెట్టుకునేది, ఉండాల్సింది బ్రౌజర్‌తో మాట్లాడే వెబ్ లేయర్లో. బ్రౌజర్ పంపే జేసెషన్ఐడీ కుకీ చూసి సర్వర్ ఎవరి సెషన్ వాళ్లకిస్తుంది. కింద అసలు పని చేసే సర్వీస్ లేయర్‌కు ఆ సంగతే తెలియకూడదు. తెలిస్తే అదే సర్వీసును ఎవరూ లాగిన్ కాకుండా రాత్రి దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్ నుంచి పిలవలేం. కానీ పాలసీ ఎవరిదో దానికి తెలియాలి కదా. కస్టమర్ నంబరును నాలుగు మెథడ్ల గుండా పంపడానికి బద్ధకించి, ఫిల్టర్లోనే థ్రెడ్‌లోకల్‌లో, అంటే ఆ థ్రెడ్‌కు సొంతమైన అరలో, పెట్టేశాను.

పెట్టాను గానీ తీయలేదు. రిక్వెస్ట్ అయిపోయినా థ్రెడ్ పోదు, ఖాళీ థ్రెడ్ల పూల్‌లోకి వెళ్లి ఇంకొకరి పనికి వస్తుంది. సెషన్ ఉంటే ఫిల్టర్ కొత్త నంబరు పెడుతుంది. 30 నిమిషాలు ఎవరూ కదపకపోతే సెషన్ పోతుంది, అప్పుడు కొత్తది పెట్టదు, పాతది చెరపదు. మిగతా పేజీలు లాగిన్‌కు తిప్పి పంపేవి, డౌన్‌లోడ్ లింకుకు ఆ తనిఖీ లేదు. కాసేపు లేచి వెళ్లొచ్చి ఆ లింకు నొక్కిన మనిషికి, ఆ థ్రెడ్ అంతకుముందు ఎవరికి పనిచేసిందో వాళ్ల పాలసీ వచ్చింది.

తెల్లారేలోగా ఆ లింకుకు తనిఖీ పెట్టి, రిక్వెస్ట్ ఎలా ముగిసినా నడిచే ఫైనలీ బ్లాకులో ఆ నంబరు తీసేసే రిమూవ్ రాశాం. జావాలో లాగిన్ల పని చూసే స్ప్రింగ్ సెక్యూరిటీ లైబ్రరీ కూడా థ్రెడ్‌లోకల్‌నే వాడుతుంది, కానీ రిక్వెస్ట్ చివర శుభ్రంగా తుడిచేస్తుంది. మాకు మాత్రం మనసొప్పలేదు. రెండు వారాల్లో మా థ్రెడ్‌లోకల్‌ను పూర్తిగా పీకేసి, నంబరును పారామీటర్‌గానే పంపాం. నాలుగు మెథడ్లూ మార్చడానికి పట్టింది ఒకటిన్నర రోజు.

పొద్దున్నే మేనేజర్ దగ్గరికెళ్లి ఆ ఫిల్టర్ నాదేనని చెప్పాను. ఆయన అడిగింది ఒక్కటే, ఎంతమందికి ఇలా జరిగిందని. ఇద్దరం కూర్చుని మూడు నెలల యాక్సెస్ లాగ్‌లు తిరగేశాం. లాగిన్ లేకుండా డౌన్‌లోడ్ అయినవి మూడు. ఎవరి పాలసీలు బయటికి వెళ్లాయో ఆ ముగ్గురికీ ఆ వారంలోనే క్లయింట్ ఉత్తరాలు పంపింది.