నొప్పి తెలియని చెయ్యి, మా డిచ్‌పల్లి తాత

ముందు వాసన వచ్చింది. పొద్దున్నే పిల్లల బాక్సుల కోసం చపాతీలు కాలుస్తున్నా, ఏదో మాడుతున్న వాసన, చపాతీ ఏమో అని తిప్పి చూస్తే బానే ఉంది, ఇంతలో మా పాప "అమ్మా నీ వేలు!" అని అరిచింది. నా చిటికెన వేలు పెనం అంచుకి ఆనుకుని ఉంది, తోలు తెల్లగా ఉబ్బిపోయింది. నాకు ఏమీ తెలియలేదు. అస్సలు ఏమీ.

మోచేతి కింద రాగి రంగు మచ్చ ఒకటి అప్పటికే ఎనిమిది నెలల నుంచి ఉంది, వీపు మీద ఇంకో ఐదారు. దురద లేదు, నొప్పి లేదు. ఒక క్లినిక్‌లో చూపిస్తే తామర అన్నారు, ట్యూబ్ మీద ట్యూబ్ పూశా. వేలు కాలాక సీతాఫల్‌మండిలో మా ఇంటి దగ్గరి బస్తీ దవాఖానాకి వెళ్తే అక్కడి డాక్టరమ్మ మచ్చ చూడగానే కళ్ళు మూసుకోమంది. బాల్ పెన్ను కొనతో అక్కడక్కడ తాకిస్తా, ఎక్కడ తాకిందో వేలితో చూపించు అంది. నేను చూపిస్తూనే ఉన్నా. కళ్ళు తెరిచాక చెప్పింది, మచ్చ మీద నాలుగుసార్లు పెట్టిందంట, ఒక్కసారి కూడా నేను చూపించలేదు. మోచెయ్యి వెనక నరం పట్టుకుని చూసింది, తాడులా లావైపోయింది. పెద్దాసుపత్రికి రాసిచ్చింది, అక్కడ టెస్టులన్నీ అయ్యాక ఆ మాట చెప్పారు. కుష్టు.

మూడు తరాల క్రైస్తవ కుటుంబం మాది, చిన్నప్పటి నుంచి సండే స్కూల్లో ఏసయ్య బాగు చేసిన కుష్టురోగి కథ ఎన్నిసార్లు విన్నానో, పిల్లలకి నేనే ఎన్నిసార్లు చెప్పానో. అది నా పేరు అవుతుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆటోలో ఇంటికొస్తూ చున్నీతో చెయ్యి కప్పేసుకున్నా, ఎవరూ చూడట్లేదు అయినా సరే.

మా ఆయన "మందులున్నాయన్నారు కదా, ఇంకెందుకు ఏడుపు" అన్నాడు, అంతే. అత్తమ్మ మాత్రం ఆ రాత్రే నా స్టీలు ప్లేటు, గ్లాసు విడిగా కిటికీ దగ్గర పెట్టింది. ఏమీ అనలేదు, పెట్టింది అంతే. ఆ ప్లేటు చూసిన ప్రతిసారీ గొంతులో ముద్ద దిగేది కాదు.

వారం తర్వాత నాన్నకి ఫోన్‌లో చెప్పా. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నీకో మాట చెప్పాలె బిడ్డా" అన్నాడు. మా నాన్నమ్మ వాళ్ళ నాన్నకి ఇదే రోగమంట. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఉన్నాడంట కొన్నేళ్ళు. స్కాట్లాండ్ నుంచి వచ్చిన మెథడిస్టు మిషనరీ డాక్టర్ ఇసాబెల్ కెర్ 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి అది, స్థలానికి, కట్టడానికి రాజా నర్సాగౌడ్ అనే ఆ ప్రాంతపు హిందూ పెద్దమనిషి సాయం చేశాడు. అప్పట్లో ఈ మాత్రలు లేవు, చాల్మోగ్రా అనే చెట్టు గింజల నూనెని సూదులతో పొడిచేవాళ్ళు, ఆ నొప్పికి తాత రాత్రంతా కూర్చునే ఉండేవాడంట. అక్కడే అక్షరాలు నేర్చుకున్నాడు. ఊరికొచ్చినప్పుడు చేతిలో బైబిల్ ఉంది, కానీ ఇంట్లోకి రానివ్వలేదు, పశువుల కొట్టంలో పడుకున్నాడు. చిన్నపిల్ల అయిన నాన్నమ్మ అన్నం పట్టుకెళ్తే, ఆయన కొట్టం లోపల, ఈమె గడప బయట కూర్చుని, తిన్నాక ఒక అధ్యాయం చదివి వినిపించేవాడంట. అలా విని నాన్నమ్మ ఏసయ్యని నమ్ముకుంది. అంటే మా ఇంట్లోకి వాక్యం వచ్చింది ఆ కొట్టంలోంచి. ఇంతకాలం మేము సాక్ష్యం చెప్పేటప్పుడు "మా నాన్నమ్మ ద్వారా" అంటూ వచ్చాం, ఆయన పేరు ఒక్కరం కూడా ఎత్తలేదు.

అది విన్నాక నాకు దాచుకోబుద్ధి కాలేదు. అత్తమ్మకి మొత్తం చెప్పా.

ట్రీట్‌మెంట్ 12 నెలలు, అంతా ఫ్రీ. నెలకో మాత్రల షీటు, అందులో రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ అని మూడు మందులు, నెలలో మొదటి డోసు వాళ్ళ ముందే మింగాలి. ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తుంది, ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. క్లోఫాజిమిన్‌కి ఒళ్ళు నల్లబడింది, చర్చిలో అక్కలు ఎండలో తిరుగుతున్నావా అని అడిగేవాళ్ళు. నరం వాపుకి స్టెరాయిడ్ ఇచ్చారు, మొహం ఉబ్బింది, ఆకలి ఆగేది కాదు. మందు మొదలైన కొద్ది రోజులకే ఇంకొకళ్ళకి అంటించే గుణం పోతుందని చెప్పి, ఇంట్లో అందరికీ ముందుజాగ్రత్తగా ఒక్కో డోసు వేశారు.

వేళ్ళు ఊడిపోతాయా అని నేను అడిగిన ప్రశ్నకి డాక్టర్ గారు పాల్ బ్రాండ్ గురించి చెప్పారు. 1914లో తమిళనాడు కొల్లిమలై కొండల్లో మిషనరీలకి పుట్టి, తర్వాత వెల్లూరులో సర్జన్‌గా పనిచేసిన మనిషి. ఒకసారి తుప్పు పట్టిన తాళం ఆయన ఎంత తిప్పినా రాలేదు, పక్కన ఉన్న కుష్టు ఉన్న పిల్లాడు తీసుకుని టక్కున తిప్పేశాడు, చూస్తే వేలు ఎముక దాకా తెగి ఉంది, వాడికి తెలియనే లేదు. వేళ్ళు రోగంతో కుళ్ళి ఊడవు, నొప్పి తెలియక కాలి, తెగి, పుండు పడి పోతాయి అని ఆయన గట్టిగా చెప్పింది అందుకే. నొప్పి దేవుడిచ్చిన వరం అనేవాడంట ఆయన. నా పెనం గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది.

రోజూ చేతులు ఇరవై నిమిషాలు నీళ్ళల్లో నానబెట్టి నూనె రాయమన్నారు. మూడో నెలలో ఒక సాయంత్రం నేను చేస్తుంటే అత్తమ్మ వచ్చి బేసిన్ ముందు కూర్చుంది. కొబ్బరినూనె అరచేతిలో పోసుకుని నా చెయ్యి తీసుకుంది. "ఏసయ్య ముందు ముట్టిండు కదా, తర్వాతనే బాగు చేసిండు" అంది, ఒక్కొక్క వేలు రాస్తూ. నేను పిల్లలకి అన్నిసార్లు చెప్పిన కథలో ఆ వరస నేనెప్పుడూ గమనించలేదు. ఆ వేళ్ళల్లో సగం ఆమె చెయ్యి నాకు తెలియలేదు, కానీ మిగతా సగంలో తెలిసింది, వెచ్చగా. ఆ రాత్రి కిటికీ దగ్గర ప్లేటు లేదు, అందరి ప్లేట్లల్లో కలిసిపోయింది.

కోర్సు అయిపోయి ఆర్నెల్లు. మచ్చలు చాలా వరకు పోయాయి, ఉంగరం వేలికి స్పర్శ వచ్చింది. ఇప్పటికీ రాత్రి ప్రార్థన అయ్యాక మా పాప బాల్ పెన్ను పట్టుకుని వస్తుంది, కళ్ళు మూసుకో అమ్మా అంటుంది. నేను చూపిస్తా. చిటికెన వేలి దగ్గరకి వచ్చేసరికి మాత్రం కాసేపు ఆగి "పెట్టావా?" అని అడుగుతా, అది "పెట్టా" అంటుంది.