టెస్టులకి డాకర్ సాకెట్ ఎందుకండీ?

గిట్‌ల్యాబ్ రన్నర్‌ని (టెస్టులు, బిల్డ్‌ల జాబులు నడిపే ప్రోగ్రామ్) డాకర్‌తో (జాబ్‌ని కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే టూల్) పెట్టుకోవడం ఎలా అని వెతికితే చాలా ట్యుటోరియల్స్‌లో రెండే సలహాలు. కాన్ఫిగ్‌లో ప్రివిలేజ్డ్ (కంటైనర్‌కి దాదాపు అన్ని అధికారాలూ ఇచ్చే సెట్టింగ్) ఆన్ చెయ్యండి, లేదంటే హోస్ట్‌లోని (రన్నర్ నడిచే మెషీన్) డాకర్ సాకెట్‌ని, అంటే డాకర్‌కి ఆదేశాలు వెళ్లే దారిని, కంటైనర్‌లోకి మౌంట్ చెయ్యండి. పైప్‌లైన్ పచ్చగా కనిపిస్తుంది కదా, ఇక ఎవరూ మళ్లీ అటు చూడరు. కానీ సాకెట్ ఇచ్చామంటే హోస్ట్ మీద రూట్ (పూర్తి అధికారం) ఇచ్చినట్టే, ఆ జాబ్‌లో నడిచే ఏ స్క్రిప్ట్ అయినా, మీరు చూడకుండా లాక్కొచ్చిన ఎన్‌పీఎం ప్యాకేజీ అయినా సరే, హోస్ట్ డిస్క్ మొత్తాన్ని మౌంట్ చేసుకుని ఇంకో కంటైనర్ లేపగలదు. గేటు దగ్గర పాలు పోసి వెళ్లే అతనికి బీరువా తాళాలు ఇవ్వడం లాంటిది ఇది.

సాకెట్ అవసరం వచ్చేది ఇమేజ్ (కంటైనర్‌ని లేపడానికి వాడే మూస) బిల్డ్ చేసే జాబ్‌కి. దానికి వేరే ట్యాగ్‌తో వేరే మెషీన్ మీద ఒక రన్నర్ పెట్టి, ప్రొటెక్టెడ్ బ్రాంచ్‌లకే (అనుమతి ఉన్నవాళ్లే కోడ్ పెట్టగలిగేవి) వదలండి. లేదా సాకెట్ లేకుండానే ఇమేజ్ బిల్డ్ చేసే బిల్డా చూడండి (అలాంటిదే అయిన కానికో రిపోని గూగుల్ 2025లో ఆర్కైవ్ చేసేసింది).

మామూలు టెస్టులకి డేటాబేస్ కావాలంటే జాబ్‌లో సర్వీసెస్ కింద పోస్ట్‌గ్రెస్ అని రాస్తే చాలు, రన్నరే పక్కన ఇంకో కంటైనర్ లేపుతుంది. కొత్తవాళ్లు ఇరుక్కునేది ఇక్కడే: కనెక్ట్ అవ్వాల్సింది లోకల్‌హోస్ట్‌కి కాదు, పోస్ట్‌గ్రెస్ అనే హోస్ట్ పేరుకి. పాస్‌వర్డ్ వేరియబుల్ ఇవ్వకపోతే ఆ కంటైనర్ లేవనే లేవదు, రన్నర్ మాత్రం డిఫాల్ట్‌గా 30 సెకన్లు చూసి, లాగ్‌లో ఒక వార్నింగ్ పడేసి, టెస్టులు మొదలుపెట్టేస్తుంది. అందుకే కనెక్షన్ ఎర్రర్ వస్తే ముందు లాగ్ పైభాగం చదవండి.

జాబులన్నీ ఒకదాని వెనక ఒకటి క్యూ కడుతుంటే రన్నర్ కాన్ఫిగ్‌లో కంకరెంట్ (ఒకేసారి ఎన్ని జాబులు నడవాలో) విలువ చూడండి, మొదట 1 ఉంటుంది. ర్యామ్ చూసుకుని పెంచండి.

ఇమేజ్‌లు దొరికే డాకర్ హబ్ 2020 నవంబర్‌లో లాగిన్ లేని పుల్స్‌కి (డౌన్‌లోడ్‌లకి) ఒక ఐపీ మీద 6 గంటలకి 100 అని లిమిట్ పెట్టింది. ఆఫీసంతా ఒకే ఐపీ మీద బయటికెళ్తుంటే అది మధ్యాహ్నం లోపే అయిపోవచ్చు. లాగిన్ అవ్వండి, పుల్ పాలసీని ఇఫ్ నాట్ ప్రెజెంట్‌కి (మెషీన్‌లో లేకపోతేనే దించుకోమని) మార్చండి, అప్పుడు లేటెస్ట్ ట్యాగ్ మానేసి వెర్షన్ నంబర్ రాయాలి, లేకపోతే పాత ఇమేజ్‌తోనే నడుస్తుంది. వేరే టీమ్‌లు కూడా వాడే రన్నర్ అయితే ఈ సెట్టింగ్ వద్దు, మీ ప్రైవేట్ ఇమేజ్ అక్కడ ఉంటే పర్మిషన్ లేనివాళ్లూ వాడేసుకోగలరు.

ఇక డిస్క్ నిండిపోవడం ఎలాగూ ఉంటుంది. వారానికోసారి క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్‌లు నడిపేది) ప్రూన్ (వాడనివాటిని తీసేసే డాకర్ కమాండ్) పెట్టుకోండి, అయితే ఆల్ ఆప్షన్ ఇవ్వకపోతే ట్యాగ్ ఉన్న పాత ఇమేజ్‌లు ఒక్కటీ పోవు.