పిన్ని వేలికి అందని బటన్

మా పిన్ని పచ్చళ్ల సైటు నేనే కట్టాను, లాప్‌టాప్‌లో చూసుకుని తెగ మురిసిపోయాను కూడా. తీరా పిన్ని తన ఫోన్‌లో తెరిచి "ఏరా, ఈ అక్షరాలేంటి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి?" అంది. నిజమే, ఇంగ్లిష్‌కి సరిపోయే లైన్ హైట్ (ఒక్కో వరసకిచ్చే ఎత్తు, అక్షరం సైజుకి ఎన్ని రెట్లో) 1.2 అలాగే వదిలేశాను, దాంతో 'వెల్లుల్లి' కింద వత్తులు దిగొచ్చి కింది వరస గుడుల మీద కూర్చున్నాయి. 1.7 చేశాక ఊపిరాడింది.

ఇంకో ఘోరం బటన్లు. నొక్కే చోటు కనీసం 48 డీపీ (స్క్రీన్ మీద సైజులు కొలిచే యూనిట్) ఉండాలని ఆండ్రాయిడ్ గైడ్‌లైన్స్‌లోనే ఉంది, నేనేమో అందం కోసం 28 పెట్టి, 'ఆర్డర్' పక్కనే 'తొలగించు' అతికించాను. పిన్ని మూడుసార్లు ఆవకాయ తొలగించింది! (నాలుగోసారి ఫోన్ నా చేతిలో పెట్టింది.)

ఇప్పుడు పైనే అరకిలో ధర, ఫోన్ నంబర్, అంతే. కదిలే ఫొటోల స్లైడర్ తీసేయడానికి మాత్రం నాకే ప్రాణం ఒప్పలేదు.