ఓడ మీంచి ఎగిరి ఆస్లిటోలో వాలిన థండర్‌బోల్ట్‌లు

పసిఫిక్ మహాసముద్రంలోని సైపాన్ ద్వీపపు విమానాశ్రయంలో దిగి బయటికొస్తే జపాన్ వాళ్లు కట్టిన కాంక్రీట్ బంకర్లు ఇప్పటికీ కనిపిస్తాయి. 1944లో ఈ చోటు పేరు ఆస్లిటో. ఆ ఏడాది జూన్‌లో అమెరికా ఆర్మీ తన ఫైటర్లను నౌకల మీంచి ఎగరేసి దింపిన నేల ఇదే. నేను సైపాన్ వచ్చింది దీన్ని చూడటానికే.

హవాయి నుంచి ఇక్కడికి దాదాపు 6,000 కిలోమీటర్లు. ఆర్మీ ఫైటర్ పి-47 థండర్‌బోల్ట్ అంత దూరం ఎగిరి రాలేదు. విడగొట్టి పెట్టెల్లో పంపితే దించడానికి రేవు కావాలి, మళ్లీ బిగించడానికి రోజులు పడతాయి. అందుకే మనీలా బే అనే చిన్న విమానవాహక నౌక 37 పి-47లను హవాయిలోని పెర్ల్ హార్బర్ నుంచి మోసుకొచ్చింది. నటోమా బే అనే మరో నౌక మరికొన్నిటిని తెచ్చింది.

అసలు చిక్కు డెక్ మీదే. దాని పొడవు 145 మీటర్లు. థండర్‌బోల్ట్ ఖాళీ బరువే నాలుగున్నర టన్నులు, నౌకాదళపు వైల్డ్‌క్యాట్ ఫైటర్‌కు రెట్టింపుకు దగ్గర. పన్నెండు మీటర్లకు పైబడిన రెక్కలు మడతపడవు. విమానాలు కిక్కిరిసిన డెక్ మీద పరుగెత్తడానికి చోటుండదు కాబట్టి విమానాన్ని ఒక్క ఊపున ముందుకు విసిరే యంత్రం, కాటపుల్టే గతి. కట్లు విప్పి ఇంజిన్ వేడెక్కనిస్తారు, విమానాన్ని కాటపుల్ట్ మీదికి నెట్టి ఉక్కుతాడు తగిలిస్తారు. వెనక పట్టి ఉంచే లంకె కాటపుల్ట్ లాగినప్పుడే తెగుతుంది. నౌకను గాలికి ఎదురుగా తిప్పాలి. పైలట్ థ్రాటిల్ పూర్తిగా తెరిచి, తలను వెనక్కి ఆనించి, సైగ చేస్తాడు. ఇంజిన్ పూర్తి శక్తి అందుకోకముందే వదిలినా, ఎదురుగాలి చాలకపోయినా విమానం నేరుగా నీళ్లలోకే.

ఎగిరాక వెనక్కి రావడమన్నది లేదు. డెక్ మీది తీగలను పట్టుకునే కొక్కెం ఆర్మీ విమానానికి ఉండదు. అందుకే ఈ పనిలో సగం భారం నేల మీద ఉంటుందని నా అభిప్రాయం. 1942 నవంబరులో మొరాకోలోని పోర్ట్ ల్యోటే దగ్గర చెనాంగో నౌక మీంచి పి-40 ఫైటర్లను పంపినప్పుడు రన్‌వే పాడై ఉండటంతో చాలా విమానాలు దిగుతూనే దెబ్బతిన్నాయి. ఇక్కడ ఆస్లిటో జూన్ 18న జపాన్ నుంచి అమెరికాకు చేజిక్కింది. ఇంజనీర్లు గుంటలు పూడ్చాకే, 22న, మొదటి 22 విమానాలు వాలాయి. వాలిన నాలుగు గంటల్లోనే ఎనిమిది విమానాలకు రాకెట్లు బిగించి, ఎదుటి టినియాన్ ద్వీపం మీదికి పంపారు.

మరుసటి రోజు మనీలా బే మీద జపాన్ విమానాలు దాడి చేశాయి. బాంబులు తగల్లేదు. కాపలా కోసం నౌక నాలుగు పి-47లను ఎగరేసింది. ముప్పు తప్పాక అవి సైపాన్‌కే వెళ్లి దిగాయి.

విమానాశ్రయం నుంచి ఆగ్నేయంగా వెళితే నఫుటాన్ కొన వస్తుంది. అక్కడ చిక్కుబడ్డ జపాన్ సైనికులు జూన్ 26 రాత్రి ముట్టడిని ఛేదించుకొని రన్‌వే దాకా వచ్చి, ఒక పి-47ను తగలబెట్టి, మరో రెంటిని పాడుచేశారు.