అమ్మ సేవలో అలసిపోయిన నాకు దేవుడు పంపిన సహాయం

మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోవడంతో మా అమ్మకు కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట కూడా పోయింది. గుంటూరులోని ఆసుపత్రి నుండి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. మడమల దగ్గర, నడుము దగ్గర చర్మం ఎర్రబడుతోందేమో రోజూ చూడాలి. కూర్చోబెట్టి మాత్రమే తినిపించాలి, తిన్న తరువాత కనీసం అరగంట దాకా పడుకోబెట్టకూడదు. పలుచని నీళ్లు ఊపిరితిత్తుల్లోకి జారే ప్రమాదం ఉంది కాబట్టి ఏదైనా చిక్కగా చేసి చెంచాతో పట్టాలి. ఇదంతా ఒక్క మనిషి పగలూ రాత్రీ ఎంతకాలం చేయగలదన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. నాన్న లేరు, అన్నయ్య ఉద్యోగం హైదరాబాదులో. ప్రైవేటు పాఠశాలలో చేస్తున్న ఉద్యోగం మానేసి నేను అమ్మ దగ్గర ఉండిపోయాను.

అమ్మ నర్సు. 1883లో గుంటూరుకు వచ్చిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్త్రీల కోసం, పిల్లల కోసం నెలకొల్పిన ఆసుపత్రిలో పని నేర్చుకుని, ఉద్యోగ జీవితమంతా రోగుల మధ్యనే గడిపింది. ఎందరికో ఒళ్లు తుడిచి, బట్టలు మార్చి, అన్నం తినిపించిన మనిషి, ఆ పనులే తనకు చేయించుకోవలసి వచ్చినప్పుడు ముఖం గోడవైపు తిప్పుకునేది. నేను పడుతున్న కష్టం ఎంతో నాకంటే ఆమెకే ఎక్కువ తెలుసు, చెప్పడానికి మాట లేదు. ఆ చూపు ముందు నా అలసట దాచుకోవడమే ఒక పనిగా ఉండేది.

రాత్రులు మరీ కష్టం. అలారం మోగగానే లేచి, తిప్పి, తడి ఉంటే పక్కబట్టలు మార్చి, మళ్లీ పడుకునేసరికి నిద్ర ఎగిరిపోయేది. ప్రార్థనకని మోకరిస్తే అక్కడే కునుకు పట్టేది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి గాని అర్థం లోపలికి దిగేది కాదు. ఆ రోజుల్లో నాకు తోడుగా నిలిచింది 88వ కీర్తన. విలాపంగా మొదలైన మిగిలిన కీర్తనలు చాలావరకు చివరికి స్తుతిలోకి తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. అంత చీకటిలో ఉన్నవాడి మొర కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు పొందిందంటే, స్తుతించే ఓపిక లేని రాత్రి నా మూలుగును కూడా దేవుడు ప్రార్థనగానే వింటాడని నమ్మగలిగాను.

చూడడానికి వచ్చినవారు ప్రేమతోనే వచ్చేవారు, పళ్లు తెచ్చేవారు, ప్రార్థన చేసేవారు. అయితే వెళ్లేముందు చాలామంది, "మోయగలిగినంత భారమే దేవుడు ఇస్తాడమ్మా" అనేవారు. మోయలేకపోతున్నానని తెలిసిన నాకు ఆ మాట ఓదార్పు కాలేదు. కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయంలో పౌలు ఆ మాట అనలేదు. ఆసియలో తమకు కలిగిన శ్రమలో శక్తికి మించిన భారంతో కుంగిపోయామని, బ్రతుకుతామన్న నమ్మకం కూడా లేకపోయిందని దాపరికం లేకుండా రాశాడు. తమ మీద తాము కాక, మృతులను లేపే దేవుని మీద నమ్మకముంచడానికే అలా జరిగిందని చెప్పి, ఆ వెంటనే, మీరు కూడా ప్రార్థన ద్వారా మాకు సహాయం చేస్తున్నారని సంఘాన్ని కలుపుకున్నాడు. అలసిన విశ్వాసికి ఏదైనా వాక్యం చెప్పాలనుకునేవారు ముందుగా ఈ అధ్యాయం చదివి రావాలని నా మనవి.

ఒక మధ్యాహ్నం మా పాస్టరమ్మ గారు వచ్చి, రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదివారు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని దేవుణ్ణి అడుగుతాడు. దేవుడు అతణ్ణి గద్దించలేదు. దూత తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించాడు. అతడు తిని తాగి మళ్లీ పడుకున్నాడు. రెండవసారి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు మాట్లాడడం, ఎలీషాను తోడుగా ఇవ్వడం ఆ తరువాతి సంగతులు. ఆమె బైబిలు మూసి, "చూడమ్మా, నీకు ఇప్పుడు కావలసింది నిద్ర. మీ అమ్మ దగ్గర నేను కూర్చుంటాను, ఎప్పుడు తిప్పాలో చెప్పి నువ్వు వెళ్లి పడుకో" అన్నారు. చీకటి పడేదాకా నిద్రపోయాను. లేచేసరికి వంటింట్లో అన్నం, పప్పుచారు సిద్ధంగా ఉన్నాయి.

తరువాతి ఆదివారమే ఆమె స్త్రీల సమాజంలో ఈ సంగతి మాట్లాడారు. వారంలో కొన్ని సాయంత్రాలు ఇద్దరిద్దరు చొప్పున రావడానికి ఒప్పుకున్నారు. ఇద్దరే ఎందుకంటే అమ్మను పక్కకు తిప్పడం ఒక్కరికే అయితే చాలా కష్టం. దుప్పటిని మడిచి ఒంటి కింద వేసి, రెండు వైపులా పట్టుకుని జరిపితే చర్మం ఒరుసుకోదు. నా నోటుపుస్తకం చూపించి, తినిపించే పద్ధతి దగ్గరుండి నేర్పాను. మొదట అమ్మ ఒప్పుకోలేదు, నా చీర కొంగు పట్టుకుని వదిలేది కాదు. ఒకరోజు వచ్చినవారిలో ఒకామె పని చేస్తూ పాత కీర్తన ఒకటి ఎత్తుకుంటే, "నీళ్లు" అన్న మాట కూడా పలకలేని అమ్మ, ఆమెతో కలిసి చరణమంతా పాడింది. మాటకు ఆధారమైన ఎడమవైపు దెబ్బతిన్నా, బాగా అలవాటైన పాటలు కొందరిలో నిలిచి ఉంటాయని ఫిజియోథెరపిస్టు తరువాత వివరించారు. కారణం ఏదైనా, ఆ రోజు నుండి వారి రాకకు అమ్మ ఎదురుచూడసాగింది.

అన్నయ్యతో మాట్లాడడం ఇంతకంటే కష్టమైంది. తల్లిని ఇతరుల చేతికి అప్పగించడమేమిటన్నది అతని బాధ. యోహాను సువార్త 19వ అధ్యాయం గుర్తుచేశాను: ప్రభువుకు తోబుట్టువులు ఉన్నా, సిలువ మీద నుండి తన తల్లిని ఒక శిష్యునికి అప్పగించాడు, ఆ గడియ నుండి అతడు ఆమెను తన ఇంట చేర్చుకున్నాడు. "అన్నయ్యా, ప్రభువే అమ్మ కోసం ఏర్పాటు చేశాడు, మనమూ చేద్దాం" అన్నాను. ఇప్పుడు రెండవ శనివారాలు వచ్చి, ఆ రాత్రులు తానే మేలుకుంటున్నాడు. పగలు అమ్మను చూసుకోవడానికి పెట్టుకున్న ఆయా జీతంలో సగం పంపుతున్నాడు. వైకల్యాన్ని నిర్ధారించే సదరం ధ్రువపత్రం కోసం సచివాలయంలో స్లాటు తీసుకోవడం, కాగితాలు జతచేయడం సంఘ యౌవనస్థులే చూసుకున్నారు. పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉన్నదన్న సంగతి కూడా వారు చెబితేనే తెలిసింది.

అలసట పోయిందని అనను. అమ్మ కోలుకుంటుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేదు. అయినా ఇప్పుడు ఆదివారం ఆరాధనకు వెళ్లగలుగుతున్నాను, పాస్టరు గారు ఇంటికి వచ్చి అమ్మకు ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇస్తున్నారు. మింగడానికి వీలుగా చిన్న రొట్టె ముక్కను బాగా నానబెట్టి పెడతారు. మీ సంఘంలో మంచాన పడినవారిని చూసుకునే కుటుంబం ఉంటే, "ఏమైనా కావాలంటే చెప్పండి" అని వదిలేయకండి. అలసినవారికి అడిగే ఓపిక కూడా ఉండదు. ఫలానా రోజు నాలుగు గంటలకు వచ్చి ఆరింటిదాకా ఉంటామని మీరే చెప్పండి, ఆ ఇంటికి వెళ్లేటప్పుడు ఒక పూట కూర వండి తీసుకెళ్లండి, వచ్చే వారం ఎవరు వస్తారో అక్కడే పేర్లు రాసి రండి.