ప్యాటీ పొట్లం వెనక్కి తిప్పితే

మా ఇంట్లో నేనొక్కడినే శాకాహారిని కావడం వల్ల, అమెరికా వేసవిలో పెరట్లో గ్రిల్ వెలిగించిన ప్రతిసారీ నాకోసం మొక్కల ప్యాటీ, అంటే మాంసం బదులు మొక్కల పదార్థాలతో చేసిన బర్గర్ బిళ్ళ, ఒకటి విడిగా కాలుతుంటుంది. మొదటిసారి, పిల్లల మాంసం ప్యాటీలకు పట్టించినట్టే దానికీ ఉప్పూ కారం పట్టించి, ఒక ముక్క కొరికి పక్కన పెట్టేశాను. పొట్లం వెనుక ఉన్న పట్టికను శ్రద్ధగా చదివింది ఆ తరువాతనే.

ఇంపాజిబుల్ అనే అమెరికా సంస్థ 2019లో కొత్తగా మార్చి విడుదల చేసిన మొక్కల ప్యాటీ లెక్క చూడండి. 113 గ్రాముల ప్యాటీలో 19 గ్రాముల మాంసకృత్తులున్నాయి. ఇరవై శాతం కొవ్వున్న గొడ్డుమాంసంలోనూ దాదాపు అంతే. సోడియం మాత్రం పచ్చి మాంసంలో సుమారు 75 మిల్లీగ్రాములైతే, ఇందులో 370, అంటే మనం వేయకముందే గ్రాముకు కాస్త తక్కువగా ఉప్పు చేరిపోయిందన్నమాట. పెనం మీద మాంసంలా చిటపటలాడడానికి కొబ్బరినూనె కలుపుతారు కనుక సంతృప్త కొవ్వు 8 గ్రాములుంది. ఈ విషయంలో మాంసం మీద గెలుపేమీ లేదు. మొక్కల ప్యాటీలు చేసే మరో సంస్థ బియాండ్, 2024లో కొబ్బరినూనెకు బదులు అవకాడో నూనె వాడి తన ప్యాటీలో సంతృప్త కొవ్వును 2 గ్రాములకు తగ్గించింది.

2020లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 36 మందికి ఎనిమిది వారాలు మాంసం, ఎనిమిది వారాలు బియాండ్ ఉత్పత్తులు పెట్టి చూడగా, మొక్కల ఆహారం తిన్న కాలంలో చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. ఆ అధ్యయనానికి నిధులిచ్చింది బియాండ్ సంస్థే. ఏమైనా అది మాంసం మానుకున్నవారి లెక్క. పప్పు మానేసి ప్యాటీ తినే నాలాంటివాడికి అది వర్తించదు.

నాకు సరైన పోలిక మీల్ మేకర్. పొడిగా 50 గ్రాములు తూచి, వేడినీళ్ళలో నానబెట్టి, గట్టిగా పిండి కూరలో వేస్తే, దాదాపు 26 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి. కొవ్వు లేనట్టే, ఉప్పు మన చేతిలోనే ఉంటుంది. ప్యాటీని ఫ్యాక్టరీ తిండి అని ఈసడించేవారు, మీల్ మేకర్ కూడా నూనె తీసిన సోయాపిండిని యంత్రంలో ఒత్తి తీసినదేనని మరచిపోతుంటారు.

ఒక్క బి12 దగ్గర మాత్రం ప్యాటీదే పైచేయి. పప్పులోనూ మీల్ మేకర్‌లోనూ సహజంగా లేని ఆ విటమిన్‌ను ఇంపాజిబుల్ వారు విడిగా కలుపుతారు. అయితే నెలకు రెండుసార్లు తినే ప్యాటీని నమ్ముకుని నేను మాత్ర మానలేదు.