కడుపులో ఏ బాధా లేదు, ఎముకలు మాత్రం పలచబడ్డాయి

నాకు సీలియాక్ (గోధుమ లాంటి వాటిలో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు) ఉందని తేలేసరికి 54 ఏళ్లు. కడుపునొప్పి, విరేచనాలు ఎప్పుడూ పెద్దగా లేవు. ఉన్నదల్లా రక్తహీనత. ఐరన్ మాత్రలు వేసుకుంటే హిమోగ్లోబిన్ కాస్త పెరిగేది, ఆపితే మళ్లీ పడిపోయేది. నెలసరి వల్లే అనేవారు. నెలసరి ఆగిపోయి రెండేళ్లయినా అదే తీరు. చివరికి ఒక డాక్టరుగారు టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. పాజిటివ్ వచ్చింది.

ఆ రాత్రి నుంచే గోధుమ మానేద్దామనుకున్నాను. ఎండోస్కోపీ అయ్యేదాకా మానొద్దని ఆయన గట్టిగా చెప్పారు. మానేస్తే పేగు కోలుకోవడం మొదలై, బయాప్సీలో జబ్బు కనబడకుండా పోవచ్చట. ఎవరికైనా నేను ముందుగా చెప్పేది ఇదే. చిన్నపేగు మొదట్లోంచి చిన్న చిన్న ముక్కలు తీసి చూశారు. తిన్నదాన్ని ఒంటికి పట్టించే సన్నటి వేళ్లలాంటి పొర ఉండాల్సిన చోట దాదాపు చదునుగా ఉంది.

గోధుమ, బార్లీ, రై మానేస్తే సరిపోతుందనుకున్నాను. తర్వాత ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్లు వంచి, కాళ్లు ఒక మెత్తటి దిమ్మ మీద పెట్టించారు. మెషీన్ చెయ్యి నడుము మీదుగా మెల్లగా కదిలింది. సూది లేదు, నొప్పి లేదు. వెన్నెముక టీ-స్కోరు, అంటే ఆరోగ్యంగా ఉన్న యువతతో పోలిస్తే ఎముక సాంద్రత ఎంత తక్కువో చెప్పే అంకె, మైనస్ 2.3. మైనస్ 2.5కి దిగితే ఆస్టియోపొరోసిస్ (ఎముకలు గుల్లబారి సులువుగా విరిగే జబ్బు) అంటారు. ఏళ్ల తరబడి కాల్షియం, విటమిన్ డి సరిగా ఒంటబట్టక ఎముక లోలోపలే పలచబడిపోయింది. ఆ కాగితం పట్టుకుని వరండాలో చాలాసేపు కూర్చుండిపోయాను.

థైరాయిడ్ కూడా చూశారు, బాగానే ఉంది. సీలియాక్‌లో ప్లీహం (ఇన్ఫెక్షన్లతో పోరాడటానికి తోడ్పడే అవయవం) చురుకు తగ్గే అవకాశం ఉందని న్యుమోనియా టీకా వేశారు. పేగులో వచ్చే లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ గురించి చదివి మాత్రం రెండు రాత్రులు నిద్రపోలేదు. అడిగితే డాక్టరుగారు దాచలేదు. ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువేగానీ ఆ జబ్బే చాలా అరుదని, పేగు కోలుకునేకొద్దీ ముప్పు తగ్గుతుందని చెప్పారు. అప్పటికి టెన్షన్ కాస్త తగ్గింది.

ఏడాది తర్వాత కూడా టీటీజీ అనుకున్నంత దిగలేదు. నేను ఏమీ తప్పు తినలేదని ప్రమాణం చేయగలను. ఒకరోజు బటర్ డబ్బా మూత తీసి చూస్తే, పైన సన్నటి బ్రెడ్డు పొడి. ఇంట్లో వాళ్లు బ్రెడ్డుకు రాసిన చాకుతోనే మళ్లీ బటర్ తీస్తున్నారు. నా డబ్బా, చాకు, టోస్టర్ వేరు చేశాం. ఆర్నెల్లకి అంకె మామూలుకి వచ్చింది. గ్లూటెన్ పడ్డప్పుడు నాకు ఒంట్లో ఏమీ తెలియదు, అందుకే ఏటా ఆ రక్తపరీక్ష తప్పించను. రెండేళ్ల తర్వాత తీసిన స్కాన్‌లో మైనస్ 1.9. హిమోగ్లోబిన్ మాత్రలు లేకుండానే నిలబడుతోంది.

తోబుట్టువులకీ పిల్లలకీ పరీక్ష చేయించమన్నారు. దగ్గరి రక్తసంబంధీకుల్లో సుమారు పదిమందిలో ఒకరికి ఉంటుందట. మా అమ్మాయికి లేదు. చెల్లెలు ఇంకా వెళ్లలేదు. "నాకేం బాధ లేదక్కా" అంటోంది. ఈ ఆదివారం నా మొదటి డెక్సా రిపోర్టు తీసుకుని దాని దగ్గరికి వెళ్తున్నాను.